పది లక్షల ఒకటి

కల్వకుర్తి,
14 జూన్ 1961, బుధవారం.

మిత్రుడు లియాఖత్ అలీకి,

దుర్గయ్య ఆదాబ్. మీ అమ్మ గులాబ్‌బీకి నా దండాలు చెప్పు. ఆమె మోకాళ్ల నొప్పి తగ్గిందని తలుస్తున్న. మూడేండ్ల సంది నీకు ఉత్తరం రాయలేదు. నీకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ అని నిండు సభలో అన్నవని అలిగిన. ఇప్పుడు అలగడానికి గూడ ఓపిక లేదు.

సంగతేందంటే, మా బడిలో చదివిన గోపమ్మ, గొర్లు కాసే గుర్వయ్య బిడ్డ, పంతులమ్మ ట్రైనింగు కోసం పరీక్ష రాసింది. ఒక లెక్క తప్పని సున్నా పెట్టిండ్రు. ఆ మార్కులతోనే సీటు పోతాంది. మీ నల్లగొండలో కమిటీవాళ్లు జాబితా శనివారం ఖాయం చేస్తరట. వచ్చే ఏటికి ఆమెకు వయసు దాటుతది. ఇక గొర్ల వెంట పోవుడే.

10,00,001ని, ఒకటీ అదీ కాక, ఇంకేదన్న సంఖ్య శేషం లేకుండ భాగిస్తదా అని ప్రశ్న. ఏదీ భాగించదని వాళ్ల జవాబు. నూటొకటి భాగిస్తదని గోపమ్మ రాసింది.

ఎట్ల చేసినవే అని అడిగిన. గొర్లు కాసెటోళ్లు నూరు గొర్లకు ముందు నడవనీకి ఒక మేకను కలుపుతరు. మందంటే నూటొకటి. పదివేల జీవాలను మందలు చేస్తే తొంభైతొమ్మిది మందలు పోను ఒకటి మిగులుతది. పది లక్షలల్ల అసుంటి పదివేలు నూరు, కాబట్టి నూరు మిగులుతయి. చివరి ఆ ఒక్కటి ఆ నూటికి మేక, ఇంకో మంద అయితది. మొత్తం తొమ్మిదివేల తొమ్మిదివందల ఒక్క మందలు, ఒక్క జీవం బయట లేదు సారూ అన్నది. మేక లేని మందను పంతుళ్లే తోలుతరేమో అని పక్కనుంచి గుర్వయ్య నవ్విండు.

ప్రశ్న తయారుచేసిన మహానుభావుడు వందలోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూసిండట. తొంభైఏడు దాంక వచ్చి ఆగిండట. వెయ్యి దాంక పోవాలని తెల్వక కాదు, అలసిపోయిండట. ఆ తర్వాత చూడవలసింది నూటొకటే.

నవాబులు పోయిరి, జాగీర్లు పోయె, దొరలు ఖద్దరు తొడిగిరి. సున్నా పెట్టే చెయ్యి మాత్రం ఎటూ పోలేదు. అంకెకు కులం లేదంటరు, దిద్దే పెన్నుకు ఉన్నది. ఇరవై ఏండ్ల సంది ఈ మాటే కరపత్రాలల్ల రాస్తున్న. రాసి రాసి వేళ్లు వంకరపోయినయి, లోకం వంకర పోలేదు.

కమిటీవాళ్లు నీ మాట వింటరు. జర వాళ్ల ముందట ఈ లెక్క చేసి చూపియ్యి.

ఇట్లు,
అలసిన నీ దుర్గయ్య

తా.క. ఆ మహానుభావుణ్ని నేనే. దిద్దింది గూడ నేనే. పేరు లేని కాగితంల మందలు, మేకలు కనపడంగనే రెండో పంక్తి చదవకుండ కొట్టేసిన. అది గోపమ్మదని, ఆమె ఆ లెక్క చెప్పినప్పుడే తెలిసింది. కమిటీకి నా ఒప్పుకోలు రాసి, సంతకం చేసి ఇందులనే పెట్టిన. ఈ కవరు నీకిచ్చినోడే గుర్వయ్య. బస్సు కాడ నా చేతులు పట్టుకొని, మా బిడ్డ కోసం ఎంత తిప్పలు పడుతున్నవు సారూ అన్నడు. ఆయనకు చదువు రాదు. కమిటీ కన్న ముందుగాల ఆ ఒప్పుకోలు ఆయనకు చదివి వినిపియ్యి. నాతోని కాలేదు.