మామగారికి సంకెళ్లు

కోక్‌సెంగిర్ గ్రామం,
ఫిబ్రవరి మొదట్లో.

కాబోయే వియ్యపురాలు వెనేరాగారికి రబిగా రాస్తున్న ఉత్తరం. మీరూ మీవారూ అల్మా-అతాలో వెచ్చగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేం బతికే ఉన్నాం.

ముందు మీకు కావలసిన మాట. మీ అబ్బాయి తొలెగెన్ క్షేమం. నిన్నటిదాకా ఆ మాట రాసే ధైర్యం నాకు లేదు, అందుకే ఉత్తరం ఆలస్యమైంది.

మీకంటే ముందుగా వచ్చి మాకు పనుల్లో సాయం చేస్తానని అబ్బాయి రైలు దిగాడు కదా, ఆ సాయంత్రమే మా మామగారు వచ్చారు. ఆయన రాక మాకు కొత్త కాదు గాని, ఇంత కోపంగా రావడం నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడు చూశాను, మళ్లీ ఇప్పుడే చూడటం. పొగగొట్టం విరిచి పక్కింటివాళ్ల కోళ్లగూడు మీద పడేశారు. టెలిఫోను తీగలు తెంపేశారు. మీకు తంతి కొట్టించలేకపోయింది అందుకే. రాత్రంతా కిటికీ కింద నిలబడి ఒకటే అరుపు.

గొర్రెలకు మేత వేయడానికి మా మనవరాలు కున్‌సులు లేవబోతే, మీవాడు మర్యాదస్థుడు కదా, నేను వెళతానన్నాడు. ఇంటికీ కొట్టానికీ మధ్య తాడు కట్టి ఉంటుంది. ప్రాణం పోయినా దాన్ని వదలొద్దని చెప్పి పంపాను. ప్రాణం కోసమైతే వదిలేవాడు కాదేమో. టోపీ కోసం వదిలాడు. అది ఎగిరిపోతుంటే పట్టుకోబోయాడట. అంతే, మామగారి చేతికి చిక్కాడు.

కున్‌సులు నడుముకు ఇంకో తాడు చుట్టుకుని వెతకడానికి వెళ్లింది. నేను గుమ్మంలో నిలబడి పాల బకెట్టు మీద గరిటెతో వాయిస్తూనే ఉన్నాను. ఆ చప్పుడు ఆగితే ఇద్దరికీ ఇల్లు ఎటుందో తెలియదు. చేయి మొద్దుబారింది. ఎడమచేత్తో వాయించాను. ఖురానులో నాకొచ్చిన సూరాలన్నీ చదివేశాను. రానివి కూడా చదివాను. చివరికి తాడు బిగిసింది. మీవాడు గడ్డివామి వెనక, మామగారు విసిరేసిన చోటే, తప్పిపోయిన గొర్రెపిల్లను కోటులో పెట్టుకుని కూర్చున్నాడట. ఆ గొర్రెపిల్ల వేడే వాణ్ణి నిలబెట్టింది.

కుడిచేతి వేళ్లూ ఒక పాదమూ చలికి కమిలాయి. ఊడిపోయేవేమీ లేవని డాక్టరు చెప్పాడు. కట్లు కట్టాం. కొన్నాళ్లు నడవకూడదు.

సంబంధం ఖాయం చేస్తూ మా పిల్లకు చెవిపోగులు తొడగడానికి మీరు అనుకున్న రోజుకు రాకండి. మామగారు పూర్తిగా వెళ్లాకే రండి.

ఇట్లు
రబిగా

తా.క.: మీవాడి టోపీ దొరకలేదు. మామగారికి టోపీలంటే మహా ఇష్టం. మా ఊళ్లో ఏ మగవాడినడిగినా చెబుతాడు.

*

అల్మా-అతా,
ఫిబ్రవరి రెండోవారం.

గౌరవనీయులైన రబిగా అపాకి వెనేరా నమస్కారాలు.

మీ ఉత్తరం నిలబడి మొదలుపెట్టి కూర్చుని ముగించాను. మీరూ కున్‌సులూ నా బిడ్డను కాపాడారు. ఆ రుణం నేను తీర్చగలిగేది కాదు.

కానీ ఒక సంగతి అడగకుండా ఉండలేను. మీ ఇంట్లో మగ పెద్దలెవరూ లేరని తొలెగెన్ చెప్పాడు. అందుకే సంబంధం మీతోనే మాట్లాడుకున్నాం. ఇప్పుడు మామగారంటున్నారు. మీకే డెబ్బై దాటాయి. ఆయనకి ఎన్నేళ్లు? ఆ వయసులో పొగగొట్టాలు ఎలా విరుస్తారు? తాగుతారా? డాక్టరుకు చూపించారా? చేతికందిన కుర్రాణ్ణి గడ్డివామిలోకి విసిరేస్తుంటే ఊరంతా ఎలా ఊరుకుంటోంది?

ఇదేదో పల్లెటూరి హాస్యమై ఉంటుందని మావారంటున్నారు. ఆయనకి నేను సంగీత పాఠశాలలో పిల్లలకు పాఠం చెప్పడం కూడా హాస్యమే, కాబట్టి ఆయన మాట లెక్కలోకి రాదు.

దయచేసి అన్నిటికీ జవాబు రాయండి. ఆడపిల్లను తెచ్చుకునేవాళ్లం, ఆ ఇంటి మనుషుల గురించి తెలుసుకోవాలి కదా.

మీ
వెనేరా

తా.క.: ఆ టోపీ నక్కతోలుది, నేను దగ్గరుండి కుట్టించింది. ఆయన దాన్ని పెట్టుకుని తిరుగుతుంటే మర్యాదగా అడిగి తీసుకోండి.

*

కోక్‌సెంగిర్,
ఫిబ్రవరి మధ్యలో.

వెనేరాగారికి రబిగా రాస్తున్నది.

మా మామగారి గురించి ఇంత శ్రద్ధగా అడిగిన పట్నం మనిషి మీరొక్కరే. సంతోషించాను. వరసగా చెబుతాను.

వయసు ఎవరికీ తెలియదు. మా ముత్తవ్వల నాటికే ఆయన ఉన్నారు. తాగరు. తాగి దారినపడ్డవాళ్లను మాత్రం ముందుగా పట్టుకుంటారు. డాక్టరు సంగతంటారా, మామగారు వస్తున్నారని తెలిస్తే అందరికంటే ముందు తలుపు గడియ పెట్టుకునేది మా డాక్టరే. ఉండేది ఉత్తరాన ఎక్కడో. ఊరు ఊరుకోక ఏం చేస్తుంది? రొట్టెల పిండి కలిపి పెట్టుకుంటాం, పిడకలు లోపల పేర్చుకుంటాం, తాళ్లు కట్టుకుంటాం, ఆయన కోపం తీరేదాకా కూర్చుంటాం. అలాగని చెడ్డవారనుకోకండి. ఆయన ముఖం చాటేసిన ఏడు, ఎండాకాలంలో ఇక్కడ గడ్డిపరక మొలవదు.

మీ ఉత్తరం అందిన మర్నాడే మళ్లీ వచ్చారు. ఈసారి కొట్టం కప్పు సగం లేపుకుపోయారు. గొర్రెలన్నిటినీ వంటింట్లోకి తోలుకొచ్చాం. తెల్లారేసరికి వీధితలుపు తెరుచుకోలేదు, బయట అంత ఎత్తున పేర్చి వెళ్లారు. కున్‌సులు అటక కిటికీలోంచి దూకి పార పట్టుకుంది. మీవాడు కాలు చాపుకుని కూర్చుని, ఒళ్లో గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతున్నాడు. కాబోయే అల్లుడు ఎక్కడ కూర్చోవాలో ఆచారం ఏమీ చెప్పదు గాని, గొర్రెల మధ్య కూర్చోకూడదని ఎక్కడా లేదు కదా అన్నాను. నవ్వాడు. వాడు నవ్వితే ఈ గదిలో పొయ్యి ఇంకొకటి రాజుకున్నట్టుంటుంది. మంచి పిల్లవాణ్ణి పెంచారు.

టోపీ అడగడం కుదరదు. ఆయనతో మాట్లాడటానికి నోరు తెరిస్తే నోట్లో మాట నోట్లోనే కుక్కేస్తారు.

ఇట్లు
రబిగా

తా.క.: కింద మీవాడు ఎడమచేత్తో రెండు ముక్కలు రాస్తానంటున్నాడు.

అమ్మా, బాగున్నాను. భయపడకు. మామగారి దెబ్బ తిన్నాక తిండి ఎంత రుచిగా ఉంటుందో మన పట్నంలో ఎవరికీ తెలియదు. ఇక్కడే ఉండిపోవాలనిపిస్తోంది. తొలెగెన్.

*

అల్మా-అతా,
ఫిబ్రవరి చివర.

రబిగా అపాకి.

ఈ ఉత్తరంలో నమస్కారాలు లేవు, క్షమించాలి.

అది నా కొడుకు రాత కాదు. వాడు ఎడమచేత్తో రాశాడో, ఎవరైనా మెడ మీద చెయ్యి వేసి రాయించారో నేను గ్రహించగలను. దెబ్బలు తిన్నవాడు దెబ్బలు బాగున్నాయని రాస్తాడా? ఇక్కడే ఉండిపోతానంటాడా? కప్పులు లేపుకుపోయే మనిషిని పట్టుకుని గడ్డి మొలిపిస్తాడని మెచ్చుకుంటున్నారంటే, మీరందరూ ఎన్నేళ్లుగా ఆయనకి భయపడి బతుకుతున్నారో నాకు అర్థమైంది. తలుపుకు అడ్డంగా సామాను పేర్చి లోపల బంధించడం కూడా మీకు మామూలే అయిపోయింది.

మావారు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. నేను ఆయనకి చెప్పకుండా మీ జిల్లా మిలీషియా ఠాణాకు ఫిర్యాదు పంపాను. మీ మామగారు అనే వ్యక్తిని వెంటనే అదుపులోకి తీసుకోవాలని, నా కొడుకును రైలెక్కించాలని రాశాను.

ఇంకొక మాట. ఇది రాయడానికి నాకు మూడు కాగితాలు చిరిగాయి. ఆ మనిషి ఉన్న ఇంటితో మేం వియ్యమందలేం. చెవిపోగులు తీసుకురావడం లేదు. ఈ పెళ్లి లేదు.

వెనేరా

తా.క.: తొలెగెన్‌తో పాటు కున్‌సులును కూడా రైలెక్కించండి. పెళ్లి లేదు, అది వేరే సంగతి. కానీ తాడు చుట్టుకుని నా బిడ్డను తెచ్చిన పిల్లను ఆయన దగ్గర వదిలేయలేను. మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది.

*

కోక్‌సెంగిర్,
మార్చి మొదట్లో.

వెనేరాగారికి రబిగా.

మీ ఉత్తరమూ, మీరు పంపిన మిలీషియా కెప్టెనూ ఒకే ట్రాక్టరు మీద వచ్చారు. కెప్టెన్ మా జిల్లాకు కొత్త. మీసాల నిండా మంచు, నడుముకు సంకెళ్లు. బూట్లు కూడా విప్పకుండా, నిందితుడు ఎక్కడున్నాడని అడిగాడు.

"ఎవరు నాయనా?"

"మీ మామగారు."

"కొండ మీదున్నారు. పద, చూపిస్తాను."

తీసుకెళ్లి మా వాళ్ల సమాధుల దగ్గర నిలబెట్టాను. రాయి మీద పేరూ, పోయిన సంవత్సరమూ చదివాడు. ఫిర్యాదు తీసి మళ్లీ చదివాడు. తర్వాత టోపీ తీశాడు.

"అవ్వా, మరి కప్పు ఎవరు లేపారు?"

అప్పుడు తెలిసింది నాకు, మీరు నెలరోజులుగా ఏమనుకుంటున్నారో. అక్కడే చలిలో రాయికి ఆనుకుని నవ్వాను. పెద్దాయన సమాధి దగ్గర నవ్వడం తప్పే. ఆయనే బతికుంటే నాకంటే ముందు నవ్వేవారు.

వెనేరాగారూ, మీరు పట్నంలో పుట్టి పట్నంలో పెరిగారు, మీ తప్పు కాదు. ఇక్కడ భర్త పేరు గాని, అత్తవారి వైపు పెద్దల పేరు గాని కోడలి నోట రాకూడదు. ఆ పేరులో ఉన్న మాట కూడా రాకూడదు. మా మామగారు పుట్టిన రాత్రి బయట ఏముందో, ఆయనకి ఆ పేరే పెట్టారు. అది ఏమిటో నేను పలకను, రాయను. కాబట్టి ఈ కింది ముక్క మీవాడు రాస్తాడు.

బొరాన్‌బాయ్. అమ్మా, బొరాన్. మంచు తుఫాను. నన్ను విసిరేసింది గాలి. టోపీ తీసుకుపోయింది గాలి. తలుపుకు అడ్డంగా ఉన్నది మంచు. మనిషి ఎవరూ లేరు.

నేను అటు తిరిగి కూర్చున్నాను. వాడు రాసింది చదవలేదు.

ఈ ఇంటికి ముగ్గురు కోడళ్లం వచ్చాం. ముగ్గురమూ దాన్ని మామగారనే అన్నాం. మమ్మల్ని చూసి ఊరంతా అదే అంటుంది. నేను ఉద్యోగం మానేదాకా ఈ ఊరి బడిలో భూగోళం చెప్పాను. ఒకసారి పైనుంచి తనిఖీకి వచ్చిన ఆయన, మన మైదానంలో చలికాలం ముఖ్య లక్షణం ఏమిటని ఒక పిల్లను అడిగాడు. రబిగా టీచరుగారి మామగారండీ, అంది. జవాబు తప్పని నేను చెప్పలేకపోయాను.

అసలు మామగారు ఎంత మెతక మనిషంటే, పిల్లి కూర్చుంటే తన ఆసనం అడిగేవారు కాదు. కోడలికి చదువెందుకని నలుగురూ అన్నప్పుడు, నన్ను బండిలో కూర్చోబెట్టుకుని ఉపాధ్యాయ కళాశాలకు స్వయంగా తీసుకెళ్లారు. ఆయన పేరు నేను పలకనిది భయంతో కాదు.

కెప్టెన్‌తో కొండ దిగుతుండగానే మామగారు మళ్లీ వచ్చారు. ఈసారి గాలి కొట్టం తలుపును ఊడబీకబోయింది. గొళ్లెం విరిగింది. మేకులు లేవు, తాడు ఆగలేదు. కెప్టెన్ ఒక్క క్షణం ఆలోచించి సంకెళ్లు తీసి తలుపుకూ గుంజకూ కలిపి బిగించాడు. రెండు రోజులు అవే ఆపాయి. ఒక్క గొర్రె పోలేదు. మొత్తానికి మా మామగారిని ఆపింది మీ ఫిర్యాదే.

ఇవాళ ఆకాశం తేటగా ఉంది. ఊళ్లో అన్ని పొగగొట్టాల నుంచీ పొగ నిటారుగా లేస్తోంది. ఎవరూ చావలేదు. మీవాడు కర్ర సాయంతో ఇల్లంతా తిరిగి, కనిపించినవాళ్లందరికీ నేను బతికానని చెబుతున్నాడు.

ఒక్కటే మిగిలింది. పెళ్లి లేదని మీరు రాసిన వాక్యం నేను ఇద్దరికీ చదివి వినిపించలేదు. కున్‌సులు రోజుకోసారి, ఆవిడ ఏమన్నారు అని అడుగుతోంది. చేతిరాత అర్థం కావడం లేదంటున్నాను. టీచరుగా పనిచేసినదాన్ని, ఆ అబద్ధం ఎన్నాళ్లో నిలవదు. మీరే కొట్టేస్తారా, నన్ను చదవమంటారా, చెప్పండి.

ఇట్లు
రబిగా

తా.క.: సంకెళ్ల తాళంచెవి మామగారు పట్టుకుపోయారు. గొర్రెల్ని కిటికీలోంచి తోలుతున్నాం. కెప్టెన్ ఆఫీసులో ఏం చెప్పుకోవాలో తెలియక ఇక్కడే ఉండి కట్టెలు కొడుతున్నాడు. ఆయన్ని వదిలించే ఫిర్యాదు ఏదైనా ఉంటే రాయండి.

*

అల్మా-అతా,
మార్చి.

పూజ్యులైన రబిగా అపాకి వెనేరా వంగి నమస్కరించి రాస్తున్నది.

కొట్టేశాను. మీరు కూడా కొట్టేయండి, సిరా ఎక్కువగా పెట్టి, వెనకవైపు నుంచి కూడా కనబడకుండా.

నా బిడ్డను ఏ మనిషీ కొట్టలేదు. ఆ వాక్యం పదిసార్లు చదువుకున్నాను. ఇన్నాళ్లకు రాత్రి నిద్రపోయాను.

మీ ఉత్తరం మావారికి బిగ్గరగా చదివి వినిపించాను. పేరులో ఉన్న మాట కూడా పలకకూడదు అన్నచోట ఆయన నవ్వడం ఆపేశారు. కప్పు చేతిలోంచి కింద పెట్టారు.

మావారి పేరు షాయ్‌మెర్దెన్.

అపా, మీకు వెంటనే అర్థమై ఉంటుంది. నాకు చాలాసేపు పట్టింది. మనం రోజుకు పదిసార్లు తాగే తేనీరు, షాయ్, ఆయన పేరులో మొదటి మాట. మా అత్తగారు పల్లెటూరి మనిషి. మా పెళ్లినాటి నుంచీ మా వెనక గదిలోనే ఉంటున్నారు, ఇంతవరకూ నాతో నేరుగా మాట్లాడలేదు. ఏం కావాలన్నా, నీ భార్యకు చెప్పు అని కొడుకుతో అంటారు. నేను పియానో వాయిస్తానని కోపమనుకున్నాను. పొట్టి జుట్టని కోపమనుకున్నాను. జుట్టు పెంచాను కూడా.

కొత్తకోడలిగా వచ్చిన రోజు, వాళ్ల ఊరి పెద్దలందరి ముందూ నేను అన్న మొదటి మాట ఇప్పుడు గుర్తొస్తోంది. "ఈ షాయ్ చల్లారిపోయింది, పారబోసి వేరేది తెస్తాను." పెద్దలందరూ చేతుల్లో గిన్నెలు కింద పెట్టేశారు. నా మర్యాదకు ముచ్చటపడ్డారనుకున్నాను. మర్నాడు ఈ షాయ్‌లో సత్తా లేదన్నాను. అప్పటి నుంచీ రోజూ ఏదో ఒకటి అంటూనే ఉన్నాను.

నాకు ముందే ఎందుకు చెప్పలేదని మావారిని నిలదీశాను. అమ్మ చెప్పొద్దంది, కోడలికి తనంతట తనకే తోచాలంది అన్నారు. తోచడానికి అంత దూరం నుంచి మీ మామగారు రావలసి వచ్చింది.

ఒక గిన్నెలో పోసుకుని వెనక గదిలోకి వెళ్లాను. వంగి, ఆ మాట అనకుండా, "అమ్మా, ఎర్రది తెచ్చాను" అన్నాను.

ఆవిడ నన్ను చూశారు. గిన్నె అందుకున్నారు. ఒక గుక్క తాగి, కొడుకు వైపు కాదు, నా వైపే తిరిగి, "పాలు చాలలేదు" అన్నారు.

వంటింట్లోకి వెళ్లి కాసేపు ఏడ్చి, పాలు తీసుకెళ్లాను.

పట్టాల మీది మంచు తవ్వడం పూర్తయిందని రైల్వేవాళ్లు చెప్పారు. వచ్చేవారం బయలుదేరుతున్నాం. చెవిపోగులు తెస్తున్నాను. ఆ ఖాళీ గది ఇద్దరికీ సరిపోతుంది.

మీ వియ్యపురాలు
వెనేరా

తా.క.: అత్తగారు కూడా వస్తున్నారు. కోడలి చెవులకు పోగులు తనే తొడుగుతారట, రైల్లో నా పక్కనే కూర్చుంటారట. మీ మామగారికి కాస్త చెప్పి ఉంచండి. ఆవిడ ఎదురుపడితే ఇద్దరిలో ఎవరు తగ్గుతారో నేను పూచీ పడలేను.