పటంలో చెరువు, వీధిలో పడవ

నగర పటాల ఆఫీసు పెద్దసారుకి దర్జీ పెద్దమ్మ నమస్కారాలు.

అయ్యా, మా వీధికి దగ్గర్లో ఆసుపత్రి పెట్టమంటే, మీ పటంలో ఇక్కడ జనమే లేరంటున్నారు. మరి పొద్దున్నే కొళాయి దగ్గర జుట్లు పట్టుకునేది ఎవరండీ? మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. ఉన్న ఒక్క ఆసుపత్రీ ఊరికి ఆ కొసన. ఆ బస్సు కుదుపులకి దారిలోనే కాన్పయ్యేట్టుంది. మమ్మల్ని తొందరగా పటంలోకి ఎక్కించండి.

ఇట్లు,
లేని వీధిలో ఉన్న దర్జీ

తా.క.: మేం ఉన్నామో లేదో మీకు అనుమానమైతే పోస్టుమాన్‌ని అడగండి.

దర్జీ గారికి,

ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో ఇళ్ళు చూసి జనాన్ని లెక్కగట్టడం మా పద్ధతి. మీరు చెప్పినచోట నీలంగా, నిండుగా చెరువుంది. చెరువులో జనాన్ని చూపించలేం.

ఇట్లు,
పటాల అధికారి

తా.క.: నిజంగా అందులోనే ఉంటే వెంటనే బయటికి రండి.

అయ్యా,

బిందెడు నీళ్ళకి పడిగాపులు పడే మాకు చెరువా! కప్పులు కారుతున్నాయని వీధంతా టార్పాలిన్లు కప్పుకున్నాం. కొట్లో నీలం రంగే దొరికింది. గాలికి లేచిపోకుండా అన్నిటినీ కలిపి కుట్టింది నేనే. పిల్లకి రోజులు దగ్గరపడ్డాయి, నాయనా. ఏదో ఒకటి చెయ్యండి.

ఇట్లు,
మీ చెరువుని కుట్టిన దర్జీ

తా.క.: దండెం మీద బట్టల్ని చేపలనుకునేరు!

దర్జీ గారికి,

కప్పులు కారుతున్నాయని మీరే రాశారు. అంటే నీళ్ళున్నమాట నిజమే! పటం మారాలంటే కొత్త ఫొటోలు రావాలి. అంతవరకు ఆగమనడానికి నాకు మనసొప్పలేదు. నీళ్ళలో ఉండేవాళ్ళకి పడవ ఆసుపత్రి ఇవ్వొచ్చట. నర్సుతో సహా మంజూరు చేయించాను.

ఇట్లు,
పటాల అధికారి

తా.క.: పడవ కట్టడానికి ఒడ్డున గట్టి గుంజ చూసి ఉంచండి.

బాబూ,

పడవ లారీ ఎక్కి వచ్చింది! వీధి వీధంతా పట్టి దింపి, మా గుమ్మం ముందు పెట్టాం. మూడోనాడే అందులో మనవరాలు పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఏడుపాగలేదు, నాకే. కానీ ఇప్పుడు పడవలశాఖవాళ్ళు ఇక్కడ నీళ్ళు లేవని కనిపెట్టారు, పడవ వెనక్కిమ్మంటున్నారు. మా వీధిలో ఇంకా ఇద్దరు కోడళ్ళు నిండు నెలలతో ఉన్నారు. నీకు పుణ్యముంటుంది, మమ్మల్ని చెరువుగానే ఉండనియ్యి.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క.: కావాలంటే పడవ ముందు నాలుగు బిందెల నీళ్ళు పోసి ఉంచుతాం.

పెద్దమ్మగారికి,

నిన్న మీ దగ్గర చొక్కాకి గుండీ కుట్టించుకున్నది నేనే. సిగ్గేసి చెప్పలేదు. ఫొటోల కోసం ఆగకుండా, కళ్ళారా చూశానని సంతకం పెట్టి చెరువుని తీసేశాను. మీరంతా పటంలోకి ఎక్కారు. ఆసుపత్రి కట్టడానికి స్థలం చూస్తున్నారు. ఇక పడవ సంగతి. దాన్ని నీటిమార్గానే తిరిగి అప్పగించాలని నిబంధన. మీ వీధిలో నీళ్ళెక్కడివి? అంచేత అది కదలడానికి వీల్లేదని రాసిచ్చాను.

ఇట్లు,
మీ గుండీ అబ్బాయి

తా.క.: పటంలో మనిషికో చుక్క పెడతాం. మీ మనవరాలి చుక్క కాస్త పెద్దదిగా పెట్టాను. మా ఆఫీసులో చెప్పకండి.