చుక్క పెట్రోలు కొట్టించను

జూన్ 9, 2008, సోమవారం
ఒట్టు పెట్టేశాను! ఇక జన్మలో పెట్రోలు కొట్టించను. ఇకనుంచి నా ఫియట్ కారు గ్యాసు మీదే నడుస్తుంది.

కారణం జగ్గారావు. నా భార్య పుణ్యవతికి తమ్ముడు. పెట్రోలు బంకు వాడిదే. ఈ రోజు పదిమంది ముందు నవ్వాడు. "బావా, నీ కారు పెట్రోలు తాగదు, తానం సేస్తాది!"

నలభై ఏళ్ళు బరంపురం స్టేషన్ దగ్గర టాక్సీ తోలినవాణ్ణి. నా కారునా అనేది?

"ఒరే జగ్గా, మల్లీ నిన్ను పెట్రోలు అడిగితే 'జగ్గారావు గారూ, తమరు' అని పిలుస్తానురా" అన్నాను. వాడు పుట్టినప్పటి నుంచీ నాకు ఒరేనే.

వాడు అప్పుడే కుర్చీ తుడుచుకుని కూర్చున్నాడు.

జూన్ 12
మెకానిక్ అసిరయ్య తన షెడ్డులో గ్యాసు కిట్టు బిగించాడు. డిక్కీలో గ్యాసు బండ. స్టీరింగు పక్కన స్విచ్చి. ఇటు నొక్కితే పెట్రోలు, అటు నొక్కితే గ్యాసు. కాగితాలు కూడా అయ్యాయి.

గోపాలపూర్ వెళ్ళి వచ్చాం. ఇంజను పిల్లి గుర్రు పెట్టినట్టుంది! పుణ్యవతి ముక్కు మూసుకుంది. "వంటింట్లో కూసున్నట్టుందండీ." ఆవిడకి సైన్సు తెలియదు.

జూన్ 13
ఉదయం 7. స్టార్టు కాలేదు.
7.20. కాలేదు.
7.45. బానెట్ తెరిచాను. చూశాను. మూశాను.
అసిరయ్య వచ్చాడు. "మావా, ఇంజను సల్లగున్నప్పుడు పెట్రోలు మీద స్టార్టు సెయ్యాల. ఏడెక్కినాక గ్యాసుకి మార్చాల."
"ముందే సెప్పాలి కదరా!"
"సెప్పాను మావా. నువ్వు అద్దంలో మీసం దువ్వుకుంటన్నావు."
ట్యాంకులో పాత పెట్రోలు కొంత ఉంది. ఒట్టుకి ముందు కొన్నది. లెక్కలోకి రాదు.

జూన్ 19
పాతది అయిపోయింది. ఎదురింటి చిట్టమ్మను అడిగి, వాళ్ళ స్కూటరులోంచి పైపు పెట్టి లాగాను. ఇది కొట్టించింది కాదు, లాగింది. ఒట్టు నిలబడింది!
నోట్లోకి కొంచెం పోయింది. రోజంతా తేన్పులు. పుణ్యవతి నన్ను పొయ్యి దగ్గరకు రానివ్వలేదు. వీధిలోనే అన్నం పెట్టింది.

జూన్ 21
చిట్టమ్మ స్కూటరును ఇంట్లోకి ఎక్కించేసింది. చివరి చుక్కతో స్టార్టు చేశాను. ఉపాయం దొరికింది! అసలు ఇంజను ఆపకూడదు. భోంచేశాను, ఆపలేదు. కునుకు తీశాను, ఆపలేదు.
సాయంత్రం పుణ్యవతి ఆపేసింది.

జూన్ 22, ఆదివారం
పాత్రపూర్‌లో పుణ్యవతి చెల్లెలి మనవడి బారసాల. ఆరుగురు తోశారు, స్టార్టయింది! ముందు గ్యాసు నింపించాలి. నిన్నటి ఉపాయం చాలా తాగేసింది.

8.40. హైవే మీద గ్యాసు బంకు. ఒడియాలో బోర్డు. ఒడియా నాకు నోటికి వచ్చు, కంటికి రాదు. కూడబలుక్కుని చదివాను. గ్యా... స్... బం... డ. గ్యాస్ బండ! ఒడియా అక్షరాల్లో మన తెలుగు మాట! ఇన్నాళ్ళకి మనవాళ్ళను గుర్తించారు.
నా ముందు ఒకటే ఆటో. ఆటోవాడు నిద్రపోతున్నాడు. ఇంజను ఆపకుండా, మర్యాదగా వరసలో ఆగాను.
9.50. ఆటోవాడు అటు తిరిగి పడుకున్నాడు.
10.30. ఇంజను ఆగింది. గ్యాసు లేదు. పెట్రోలూ లేదు.
11. బంకు మనిషి వచ్చాడు. "మౌసా, బండ కాదు, బంద! ఒడియాలో బంద అంటే మూసేసినట్టు. గ్యాసు రేపొస్తాది."
పుణ్యవతి సెల్లు తీసి తమ్ముడికి ఫోన్ చేసింది.

11.40. జగ్గారావు. మోటారు సైకిలు. చేతిలో పెట్రోలు సీసా.
"ఏటి బావా, ఏటో అడగాలట?"
"నాను నీ బంకుకి రాలేదు. నువ్వే వొచ్చావు. ఇక్కడెట్టి పో."
"అడక్కపోతే నాకెలా తెలుస్తాది? ఎల్తాను."
పుణ్యవతి కారు దిగి వాడి వెనక ఎక్కింది. "పద తమ్ముడా. బారసాల దాటిపోతంది. మీ బావ గ్యాసొచ్చినాక వొస్తారు."
11.50. అన్నాను. రోడ్డు వైపు తిరిగి అన్నాను.
"ఇనబడ్లేదు బావా."
మళ్ళీ అన్నాను. "జగ్గారావు గారూ. తమరు. కొంచెం పెట్రోలు."
మూడు గంటలు లేవని ఆటోవాడు దానికి లేచాడు.

జూన్ 23
నిన్నటిది లెక్కలోకి రాదు. నాలుగుసార్లు ఆలోచించాను, రాదు. గ్యాసు వచ్చింది, నింపించాను.
ఈ రోజు నుంచి కొత్త ఒట్టు. నా నోటితో పెట్రోలు అడగను. స్టార్టుకి కావలసింది పుణ్యవతి వెళ్ళి కొట్టించుకు వస్తుంది. ఆవిడ ఏ ఒట్టూ పెట్టలేదు. తమ్ముణ్ణి ఒరే అనే హక్కు ఆవిడ దగ్గర్నుంచి ఎవరూ తీసెయ్యలేరు.
"అలాగేనండి. మరి కారు తోలడం నేర్పండి" అంది.

జూన్ 24. మొదటి రోజు.
ఉదయం 6. స్టీరింగు దగ్గర పుణ్యవతి. పక్కన నేను. సీసాలో మిగిలినదానితో స్టార్టు.
6.10. వేడెక్కింది. స్విచ్చి మార్చాను. గ్యాసు!
6.12. "ఏటండీ, కాళ్ళ కింద ఈ మూడిట్లో ఆపీది ఏది?"
6.13. మా ప్రహరీ గోడ పడిపోయింది. పూర్తిగా గ్యాసు మీదే పడగొట్టాం!