నాన్న పూసిన గోడకి టైల్సా?

మస్కట్

చిరంజీవి తమ్ముడు వీరబాబుకి,

అన్న దీవెనలు. అమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? మరదలు, పిల్లలు కులాసాయేనా? నా గురించి బెంగ పెట్టుకోవద్దని అమ్మకి చెప్పు. నిన్నటిదాకా బాగానే ఉన్నాను. నీ ఉత్తరం చదివాకే ఒళ్లు మండిపోయింది.

ఏంట్రా నువ్వు రాసింది? మన ఇంటి ముందు గోడ సున్నమంతా చెక్కించేసి, సిమెంటు కొట్టించి, పైన బాత్రూమ్ టైల్స్ అంటిస్తావా? ఎదురింటివాళ్లు అంటించారని మనమూ అంటించాలా? నీ బుద్ధి ఏమన్నా గడ్డి తిందా?

ఇక్కడ నేను చేస్తున్న పనేంటో తెలుసా? సముద్రం ఒడ్డున ఒక పాత ఇల్లు. ఎప్పుడో సున్నంతో కట్టింది. మధ్యలో నీలాంటి తెలివైనవాడెవడో బయట గోడలకి సిమెంటు పూయించాడు. చెమ్మ బయటికి పోయే దారి లేక లోపల గోడ కుళ్లిపోయింది. ఇప్పుడు ఆ సిమెంటంతా చెక్కి పారేసి, మళ్లీ సున్నం పూస్తున్నాం. తెల్లవారుతూనే పరంజా ఎక్కుతాం. మధ్యాహ్నానికి ఎండకి కాలిపోయి గోడ మీద చెయ్యి ఆనదు. గదికొచ్చి రొట్టె తిని పడుకుంటాను. తెలుగు మాట్లాడేవాడు ఒక్కడూ లేడు. అందుకే ఈ కోపమంతా కాగితం మీద పెడుతున్నాను.

పోయిన వారం మా సూపర్‌వైజర్ అడిగాడు, "మీ వైపు సున్నంలో కరక్కాయ నీళ్లు కలుపుతారట కదా, కాయ ఎన్నాళ్లు నానబెడతారు?" అని. నాకు తెలిస్తేగా చెప్పడానికి! నాన్న బతుకంతా గానుగ సున్నం పూసిన మేస్త్రి. నేర్చుకోరా అని వెంటపడితే, "సిమెంటు వచ్చాక ఇదెవడికి కావాలి నాన్నా" అని నవ్వినవాణ్ణి నేను. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. నీ మీద కోపంలో సగం నా మీదేలే.

నాన్న పోయాక ఆ సంగతులు ఇప్పుడు అమ్మకొక్కదానికే తెలుసు. కరక్కాయలు నానబెట్టింది, బెల్లం నీళ్లు కలిపింది ఆవిడే. నాన్న పూసిన ఆ గోడని గులకరాయితో రోజుల తరబడి రుద్ది నునుపు తేల్చిందీ ఆవిడే. అప్పుడు నువ్వు కడుపులో ఉన్నావు.

పగుళ్లు వచ్చాయంటున్నావు. రానీ. సెలవుకొచ్చి నేనే పూడుస్తాను. అందాకా వాన కొట్టకుండా తాటాకులు కట్టు. మరదలికి టైల్స్ సరదా అయితే వంటింట్లో వేయించు, నేను కాదనను. ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే కాస్త ఆవకాయ పంపించు.

నిడదవోలు పెద్దమ్మని అడిగానని చెప్పు. అమ్మ కాళ్లకి నా బదులు నువ్వు దండం పెట్టు. పెట్టి, ఆవిణ్ణి ఆ గోడ పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టు. కరక్కాయ ఎన్నాళ్లు నానాలో, బెల్లం ఎప్పుడు పడాలో అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసి పంపు. అదంతా విన్నాక కూడా ఆ గోడ మీద ఉలి పెట్టించగలిగితే పెట్టించుకో.

నీ అన్న,
సూర్యారావు