ఉప్పు కలిపిన ఐసు

మావకి,

సూర్యకళ రాస్తున్నాను. బాగున్నావా అని అడగను. జైల్లో ఎవడు బాగుంటాడు? ఈ ఉత్తరం ముందు అక్కడి వాళ్ళు చదివి తర్వాత నీకిస్తారట. చదువుకోనీ. ఫోనులో అయితే ఇచ్చిన నాలుగు నిమిషాలూ నా అరుపులకే అయిపోతాయి. అందుకే కాగితం. నాలుగో తరగతిలో బడి మానేసినదాన్ని, చేపలు చుట్టే పాత పేపర్లు చదివి నేర్చుకున్న రాత ఇది. తప్పులుంటే సర్దుకో.

విషయం ఒక్కటే. ఇక నేను ములాఖత్‌కి రాను. మన పిల్ల మధుని ఎప్పటికీ తీసుకురాను. నువ్వు పారాదీప్ బోటు మీద వేటకెళ్ళావని దానికి చెప్పాను. ఎనిమిది నెలల నుంచీ అదే చెబుతున్నాను. ఎప్పుడొస్తాడు అని అడిగితే, చేపలు దూరం వెళ్ళిపోయాయి, వెతుక్కుంటూ వెళ్ళాడు అంటాను. దానికి ఏడేళ్ళు. ఇంకో రెండేళ్ళు నమ్ముతుంది. ఆ తర్వాత సంగతి తర్వాత.

ఐసు ఫ్యాక్టరీలో నా పని మామూలే. తెల్లారకముందే వెళ్ళి ఐసు బార్లు దింపి, పగలగొట్టి, బోట్లకి ఎక్కిస్తున్నాం. నా చేతి వేళ్ళకి ఇప్పుడు ఏమీ తెలియడం లేదు. మొన్న పొయ్యి మీద గిన్నె ఉత్త చేత్తో దింపాను. అత్త చూసి "సెయ్యి కాలిపోతాదే" అని అరిస్తే అప్పుడు చూసుకున్నాను. ఏడుపు కూడా అంతే, రావడం లేదు. వస్తే బాగుండునని కూడా లేదు.

బడి నుంచి కబురొచ్చింది. మన మధు పుష్ప చెయ్యి కొరికింది. పుష్ప అంటే సూరన్న చిన్న కూతురు. నువ్వు సుత్తితో కొట్టిన సూరన్నే, హార్బరులో చేపల వేలం పాడే సూరన్న. ఇద్దరు పిల్లలూ రెండో తరగతిలో ఒకే బెంచీ. "మీ నాన్న మా నాన్న సెయ్యి పడగొట్టాడు, పోలీసులు అట్టుకుపోయారు" అందట పుష్ప. మధు కొరికింది. ఇంటికొచ్చి నన్ను అడిగింది. అది అబద్ధాలకోరు, దాంతో మాట్లాడకు అని చెప్పాను.

టీచరు పేరు కుసుమకుమారి. కొత్తగా వచ్చింది. పోట్లాడదామనే వెళ్ళాను. గోడ మీద పెద్ద అక్షరాలతో మూడు మాటలు రాసుంది: ఆగు, ఊపిరి తియ్యి, చెప్పు. కోపం వచ్చిన పిల్ల ఆగాలట, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి తియ్యాలట, తర్వాత పొట్టలో ఏముందో నోటితో చెప్పాలట. పక్కన ఇంకో పిల్ల తోడు కూర్చోవాలి. కూర్చున్న పిల్ల మాట్లాడకూడదు, వినాలి. సాయంత్రం బడి వదిలే ముందు, ఈ రోజు ఎవరు నాకు మంచి చేశారో ఒక్కొక్కళ్ళూ లేచి చెప్పాలి.

నాకు నవ్వొచ్చింది. "మేడం, పొట్ట మీద సెయ్యెట్టుకుంటే పొట్ట నిండిపోద్దేటి?" అన్నాను.

"నిండదమ్మా," అంది.

"మరెందుకు? మా వీధిలోకొచ్చి సెప్పండి ఈ ఊపిరి సంగతి. ఊపిరి తీసేలోపు నాలుగు పడతాయి."

ఆవిడకి కోపం రాలేదు. "కొరకడానికీ కొరక్కపోడానికీ మధ్య చిన్న సందు ఉంటుందమ్మా. పిల్లలకి ఆ సందు చూపిస్తున్నాను, అంతే. కుర్చీ తెప్పించనా, కూర్చుంటావా?" అంది.

కూర్చోలేదు. వచ్చేశాను. కానీ దారంతా ఆ సందే. నీకు ఆ రోజు ఐదు సెకన్లు ఆగడం చేతకాలేదు మావా. సూరన్న నన్ను ఒక మాటన్నాడు, నువ్వు సుత్తి ఎత్తావు. ఐదు సెకన్లు. దానికి నాకూ నా కూతురికీ ఈ బతుకు. నీ కోపం నువ్వు తిన్నావు, ఎంగిలి మేం తింటున్నాం.

అందుకే రాను. ఎదురుచూడకు.

సూర్యకళ

&nbsp;

మావా,

రానన్నదాన్ని, మళ్ళీ రాస్తున్నాను. కూతురి విషయం కాబట్టి నీకు తెలియాలి. ముందే చెబుతున్నాను, బతికే ఉంది, ఇంట్లోనే ఉంది, నడుస్తోంది, తింటోంది.

కోపం వచ్చిన పిల్ల చేతిలో ఏదైనా చల్లటిది పెడితే తొందరగా కుదుటపడుతుందని టీచరు చల్లనీళ్ళ గ్లాసు పట్టుకోమనేదట. మన పిల్ల లేచి, "మా యమ్మది ఐసు ఫ్యాక్టరీ, నాను ఐసట్టుకొత్తాను మేడం" అందట. సరే, చిన్న ముక్క, గుడ్డలో చుట్టి, ఇరవై లెక్కపెట్టి కింద పెట్టెయ్యాలి అని టీచరు చెప్పింది. మధు ఇంటికొచ్చి నాకు ఐసు మాట ఒక్కటే చెప్పింది. ఇరవై లెక్క చెప్పలేదు. నేనూ అడగలేదు.

నిజం చెప్పాలంటే నాకు కొంచెం గొప్పగా అనిపించింది. బడికి నా దగ్గర్నుంచి ఏదో ఒకటి వెళ్తోంది కదా అని. పూర్ణా మార్కెట్లో పిల్ల చేతికి సరిపోయే చిన్న గుడ్డ సంచీ కొన్నాను. పొద్దున్నే ఐసు కొట్టి అందులో పోశాను. బడి పది గంటల దాకా మొదలుకాదు, ఈ లోపు చల్లదనం తగ్గిపోతే పిల్ల నవ్వులపాలవుతుంది. అందుకని గుప్పెడు కల్లుప్పు కలిపాను. దూరం వెళ్ళే చేపల పెట్టెలకి కలుపుతాం కదా, అలాగే. చెయ్యి అలవాటు. ఏం కలుపుతున్నానో కూడా చూసుకోలేదు. ఉప్పు పడితే ఐసు ఎంత కరుస్తుందో ఈ హార్బరులో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. కానీ నా చేతికి తెలియడం మానేసి చాలా కాలమైంది. సంచీ పట్టుకుని చూశాను, బాగానే ఉందనిపించింది.

ఇంకో తప్పు కూడా చేశాను. అది రాయడానికే రెండు రోజులు పట్టింది. సంచీ ఇస్తూ, చేతిలోంచి వదలకూడదని, "కరిగీదాకా ఒగ్గీకు. మద్దిలో ఒగ్గేత్తే మీ నాన్నలాగైపోతావు" అన్నాను.

అది నా ముఖం కేసి చూసింది. సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు ఎవడో దాని పలక మీద గీశాడు. కోపం వచ్చింది. వెళ్ళి మూల కూర్చుని సంచీ పట్టుకుంది. గుడ్డ పలచన, తడిసి ఉంది. తోడు కూర్చునే వంతు పుష్పది. పుష్ప చేతి మీద మన పిల్ల పళ్ళ గాటు ఇంకా పోలేదు, అయినా వచ్చి కూర్చుంది. మిగతా పిల్లలు పద్యం చెబుతున్నారట, టీచరు బోర్డు వైపు తిరిగి ఉంది. మధు కదలదు, మెదలదు. ఏడవదు. వేళ్ళు తెల్లగా కొవ్వొత్తుల్లా అయిపోయినా వదల్లేదు. పుష్ప వదలమంది. వదల్లేదు. చివరికి పుష్పే దాని వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి, సంచీ విసిరేసి, "మేడం, దీని సెయ్యి సచ్చిపోయింది" అని కేకేసిందట.

టీచరూ నేనూ కలిసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. ఎడమ అరచెయ్యీ, మూడు వేళ్ళూ బొబ్బలు. కాలితే లేచినట్టే లేచాయి. చూసిన డాక్టరు కుర్రాడు "ఐసు ఎవరిచ్చారు? ఇందులో ఏం కలిపారు?" అన్నాడు. టీచరు తన తప్పే అని చెప్పడానికి నోరు తెరిచింది. నేను అడ్డం పడి, "నానే. ఉప్పు కలిపాను" అన్నాను. ఆవిడ ఏడ్చింది. నాకు రాలేదు.

కట్టు కట్టించుకుని బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని అడిగాను. "ఎందుకు పట్టుకున్నావే అంతసేపు? మండలేదా?"

"మండింది."

"మరి ఒగ్గీలేకపోయావా?"

"నాన్నలాగైపోతానని."

మావా, నేను దానికి నీ గురించి నిజం ఎప్పుడూ చెప్పలేదు. అబద్ధంతో పాటు భయం మాత్రం ఇచ్చాను. ఇంతకన్నా ఇప్పుడు రాయలేను.

సూర్యకళ

&nbsp;

నా మావకి,

చెయ్యి మానుతోంది. పాత చర్మం ఊడి కింద గులాబీ రంగు చర్మం వచ్చింది. వేళ్ళు వంగుతున్నాయి. ముందు అది తెలుసుకో, తర్వాత మిగతాది చదువు.

మొదటి ఉత్తరంలో నీకు ఐదు సెకన్లు ఆగడం చేతకాలేదని రాశాను. ఆ ఐదు సెకన్లలో ఏం జరిగిందో నీకూ నాకూ తెలుసు. నువ్వు పోలీసులకి చెప్పలేదు, కోర్టులో చెప్పలేదు, మీ అమ్మకి కూడా చెప్పలేదు. జైలు వాళ్ళు ఈ ఉత్తరం చదువుతారని తెలుసు. ఈసారి చదవాలనే రాస్తున్నాను.

ఆ పొద్దున వేలం దగ్గర సూరన్న నా ఐసు బుట్టని కాలితో తన్ని, నీళ్ళు కలిపి తూకం దొంగిలిస్తున్నానని అందరి ముందూ అన్నాడు. నువ్వు నా పక్కన నిలబడ్డావు. నీ దవడ కదిలింది, అంతే. నువ్వు ఆగావు మావా. ఆగింది నువ్వే. అప్పుడు నేను, "ఆడు నీ పెళ్ళాన్ని దొంగంటే సూత్తూ నిలబడ్డావా? మగోడివేనా నువ్వు?" అన్నాను. ఐసు కొట్టే సుత్తి నా చేతిలో ఉంది. నువ్వు చెయ్యి చాపావు. నేను వదిలేశాను. గట్టిగా పట్టుకుని ఉంటే నీకు వచ్చేది కాదు. నేను పట్టుకోలేదు.

నువ్వేమో సుత్తి కింద పడుంటే తీసుకున్నానని రాయించావు. ఎనిమిది నెలలు నేను దాని మీదే బతికాను. నీ మీద కోపంగా ఉంటే ఆ సంగతి గుర్తు రాదు. అందుకే అంత కోపంగా ఉన్నాను.

వకీలుకి చెప్పాను. "బాగా ఆలోచించుకో అమ్మా, నీ మీదికి కూడా వస్తుంది" అన్నాడు. రానీ అన్నాను. వచ్చే వాయిదాకి చెబుతాను.

మధుకి మొత్తం చెప్పాను. పడవ లేదని, పారాదీప్ లేదని, నువ్వు ఈ ఊళ్ళోనే ఉన్నావని. అది కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని విన్నది.

"నువ్వు ఆగు అన్లేదా?" అంది.

"అన్లేదు."

"మరేటన్నావ్?"

"కొట్టమన్నట్టే అన్నాను."

తర్వాత బడిలో చేసినట్టే నా పక్కకి జరిగి కూర్చుంది. "నీ పొట్టలో ఏటుందమ్మా?"

"ఏటీ లేదే."

"ఏటీ లేదు అనకూడదు. మేడం ఒప్పుకోదు."

ఆలోచించాను. ఏముందో నిజంగా వెతుక్కోవాల్సి వచ్చింది. "బరువు" అన్నాను. "బరువు సరిపోద్ది," అంది టీచరులాగ తలూపి.

నిన్న సాయంత్రం ఇద్దరం సూరన్న ఇంటికి వెళ్ళాం. వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. ఎడమ చెయ్యి ఒడిలో అలాగే పడి ఉంది.

"ఎందుకొచ్చావ్?" అన్నాడు.

"నీ పిల్లకి ఓ మాట సెప్పాలి బాబాయ్."

"సెప్పీసి పో."

పుష్పని పిలిచి, మధు వింటుండగా, "నువ్వు నిజమే చెప్పావు, నేనే నిన్ను అబద్ధాలకోరు అన్నాను, తప్పు నాది" అని చెప్పాను. నా పిల్ల చెయ్యి కాపాడావు అని కూడా చెప్పాను. పుష్ప తలుపు వెనక్కి వెళ్ళిపోయింది. సూరన్న క్షమించలేదు. ఆ చెయ్యి చూశాక అడగడానికి నాకు నోరు రాలేదు. వెనక్కి తిరిగాక, "ఆ పిల్లకి కట్టు తడవనియ్యకు" అన్నాడు. నా వైపు చూడకుండానే.

బడి వదిలే ముందు ఎవరు మంచి చేశారో చెప్పమంటే మన మధు పుష్ప పేరు చెబుతోందట, రోజూ అదే. "ఇంకో పేరు సెప్పవే" అని పిల్లలు ఏడిపిస్తున్నారట.

రానన్నాను కదా. శనివారం వస్తున్నాం, ఇద్దరం. అది నిన్ను చాలా అడుగుతుంది. కాగితం మీద రాసుకుంది కూడా, తొమ్మిది ఉన్నాయి. అబద్ధం చెప్పకు. నన్ను వెనకేసుకు రాకు. ఏమీ తోచకపోతే కాసేపు ఆగు, అది కంగారు పడదు, కూర్చోవడం దానికి వచ్చు.

ములాఖత్ గదిలో ఇనప జాలీలోంచి వేళ్ళు పెడుతుంది. కుడి చెయ్యి పట్టుకో. ఎడమది గట్టిగా ముట్టుకోకు, ఇంకా నొప్పి తెలుస్తోంది దానికి.

నీ కళ