ఎవరి తాలూకా

1956, బుధవారం

ఒళ్లు మండిపోతోంది. మున్సిపల్ ఆఫీసులో టైపిస్టు ఉద్యోగానికి మా పెద్దమ్మాయి సరస్వతి ఈరోజు అర్జీ ఇచ్చింది. మార్కుల పుస్తకం, టైపు సర్టిఫికెట్టు నేనే వరుసగా పెట్టి, దారంతో కుట్టి పంపాను. మేనేజరు వాటిని తిప్పి కూడా చూడలేదట. "ఎవరి తాలూకమ్మా నువ్వు?" అన్నాడట. ఎవరి సిఫారసుతో వచ్చావని దాని అర్థం. ఈ పిచ్చిపిల్ల "జమ్మలమడుగు తాలూకా సార్" అంది. ఆఫీసంతా ఒకటే నవ్వట.

ఇంట్లో చెబితే ఆయనా నవ్వారు.

"మున్సిపల్ మెంబరు మనోడే గదా. పొద్దున్నే పోయి ఒక మాట చెప్పొస్తాలే."

"వద్దు నాయనా. నాకు టైపు వస్తాది గదా, పరీక్ష పెట్టమను."

"టైపు వచ్చేటోళ్లు శానామంది ఉండారు మే!"

నాకు కోపం ఆగలేదు. "మీరు పోవద్దు. బిడ్డ తన చదువుతోనే తెచ్చుకుంటాది" అన్నాను. సరస్వతి నావైపు ఎంత సంతోషంగా చూసిందో.

శనివారమే ఎంపిక. ఈ ఉద్యోగం రాకపోతే శ్రావణంలో పెళ్లేనని అత్తమ్మ తేల్చేసింది. ఆ మేనేజరును తిట్టుకుంటూనే, పిల్ల పడుకున్నాక, మెంబరు ఇంటికి వేసుకుపోవడానికి ఆయన తెల్లచొక్కా తీసి వంకెకు తగిలించాను.