రోడ్డుకి అవతలి షాపు

మే 4

మునిసిపాలిటీవాళ్లు టైలరు షాపులు మూయమన్నారు. మా రోడ్డు మధ్యలోనే ఊరి హద్దు. ఇటు నేను, మునిసిపాలిటీ. అటు అక్క, జిల్లా ఆఫీసు. జిల్లావాళ్లు మాత్రం తెరుచుకోమన్నారు. వైరస్‌కి రోడ్డు దాటడం రాదు కాబోలు.

షట్టరు సగం దించి కూర్చున్నాను. అక్క మిషను చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది.

మే 6

టీవీలో రాష్ట్ర మంత్రి అన్నీ తెరవొచ్చన్నాడు. కేంద్రం తొందరొద్దంది. వార్డు ఆఫీసరుని అడిగితే, టీవీ చూసి షాపులు తెరుస్తారా, నాకు ఆర్డరు రావాలి కదా అని కసిరాడు.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. నాదీ అదే ఏడుపు. ఇద్దరి షాపులూ మూసుంటే హాయిగా నిద్రపోయేదాన్ని.

మే 9

ఎప్పుడూ నా దగ్గరే కుట్టించుకునే టీచరమ్మ అటు వెళ్లింది! ఆవిడకి ఒక భుజం కిందికి ఉంటుంది. దానికి కొలత కుదిర్చింది నేను. కాసేపటికి నవ్వుకుంటూ బయటికొచ్చింది. వెనకాలే అక్క, చేతిలో అమ్మ కత్తెర. కుట్టుపని ముందు నేర్చుకుంది నేను. కత్తెర మాత్రం అమ్మ అక్కకిచ్చింది. ఎందుకో చెప్పకుండానే పోయింది.

హెల్ప్‌లైన్‌కి ఫోను చేశాను. అక్క షాపులో జనం మాస్కుల్లేకుండా మీద మీద పడుతున్నారన్నాను. నిజానికి ఎవరూ పడటంలేదు. జిల్లా ఆఫీసు అది మా పని కాదంది. మునిసిపాలిటీ ఆ వైపు అసలే మాది కాదంది. చివరికి రాష్ట్రం నంబరులో ఫిర్యాదు రాసుకున్నారు.

మే 12

అక్క షాపుకి సీలు పడింది. సాయంత్రానికి మునిసిపాలిటీ మాకు పర్మిషన్ ఇచ్చింది. షాపుకి ఒక్క టైలరే ఉండాలని కండిషన్. ఇవాళ కడుపునిండా తిన్నాను.

మే 13

పొద్దున్నే అక్క వచ్చింది, కత్తెరతో సహా. నీ రెండో మిషను ఖాళీయేగా చెల్లీ అంటూ కూర్చుంది. ఒక్కరే ఉండాలన్నారే అంటే, మనిద్దరం ఒకటి కాదా ఏంటే అంది. ఎవరో కడుపుమంటతో తన మీద చెప్పారట. పాపం, వాళ్లకేం బాధో అంది. నా మిషను సూది విరిగింది.

మే 15

షాపు కిటకిట. నా షాపు! గుమ్మంలోనే అందరూ అక్క ఉందా అని అడుగుతున్నారు. నేను గుండీలు కుడుతున్నాను, టీ పెడుతున్నాను. టీచరమ్మ నన్ను దాటుకుని వెళ్లి భుజం అక్కకి చూపించింది.

మే 16

మళ్లీ హెల్ప్‌లైన్‌కి చేశాను. ఒక షాపులో ఇద్దరు టైలర్లు ఉన్నారని చెప్పాను. ఏ షాపని అడిగారు.

నా షాపు పేరే చెప్పాను.